కీచుబొమ్మల మాణిక్యం

మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా తలుపు కిర్రుమంటే జనం నూనె వేస్తారు. వడ్ల మాణిక్యం ఒక్కడే నూనె వేసిన తలుపు కంటబడితే, అది తన తలుపా పరాయి తలుపా అని కూడా చూడకుండా, తుడిచి మళ్లీ కిర్రుమనిపించేదాకా ఊరుకోడు. చప్పుడు చేయని వస్తువంటే ఆయనకు గిట్టదు. చప్పుడు లేకుండా తెరుచుకునే తలుపూ, చప్పుడు లేకుండా నవ్వే మనిషీ ఒకటేనని, రెంటినీ నమ్మొద్దని ఆయన సిద్ధాంతం.

ఇలాంటి మనిషికి దేవుడు ఏరి కోరి కుట్టుమిషన్ మీద బతికే భార్యను ఇచ్చాడు. పద్మమ్మ సురంగల్‌లో సగం ఊరికి జాకెట్లు కుడుతుంది. మిషన్‌కు వేళకు నూనె పడకపోతే దారం తెగుతుంది, సూది విరుగుతుంది, పద్మమ్మ నోరు లేస్తుంది. వీళ్లిద్దరి జాతకాలు కలిపిన అయ్యగారు ఇప్పుడు లేడు. ఉంటే పద్మమ్మ ఆయన్ను అడగాల్సింది చాలా ఉంది.

ముక్కు పొడుగు నూనె డబ్బాను ఆమె రోజుకో చోట దాచేది. బియ్యం డబ్బాలో దాచింది, దేవుడి పటాల వెనక దాచింది, చివరికి తన దిండు గలీబులో పెట్టుకుని పడుకుంది. ఒకసారి మాణిక్యం చెక్క కోసం చేవెళ్ల పోయినప్పుడు, ఇన్నాళ్ల కసి తీరేలా వాకిలి తలుపుకు నాలుగు బందులకూ నూనె పట్టించింది. ఆయన సాయంత్రం వచ్చి తలుపు నెట్టాడు. తలుపు మర్యాదగా తెరుచుకుంది. ఆయన గడప మీదే నిలబడిపోయాడు.

"పద్మా, ఇంట్ల ఏమన్న అయ్యిందా?"

"ఏమైతది? తలుపుకు నూనె ఏసిన."

"గదే అడుగుతున్న. పాణం లేనట్టున్నది."

ఆ పూట అన్నం తినకుండా కిరోసిన్ గుడ్డతో తలుపు బందులు తుడుస్తూ కూర్చున్నాడు. తుడిచి, బూడిద రాసి, తెరిచి మూసి, తెరిచి మూసి, చివరికి కిర్రుమని వినిపించాక కళ్లు మూసుకుని ఒక్క క్షణం అట్లాగే ఉన్నాడు. పద్మమ్మకు ఆ ముఖం తెలుసు. పెళ్లయిన కొత్తలో ఆమె పాట పాడితే ఆయన ముఖం అట్లా అయ్యేది. ఇప్పుడు తలుపు పాడితే అవుతోంది.

మాణిక్యం పుట్టుకతో ఇట్లా లేడు. ఒకప్పుడు అందరిలాంటి మనిషే. మొయినాబాద్ రోడ్డు మీద సురంగల్ మలుపులో ఆయన ముల్గి, కిరాయికి తీసుకున్న చిన్న దుకాణం. ఎడమ పక్క ప్లాట్లు అమ్మే ఆఫీసు, కుడి పక్క ప్లాట్లు అమ్ముకున్న డబ్బుతో పెట్టిన బిర్యానీ హోటల్. మధ్యలో ఈయన, చెక్కను గిర్రున తిప్పుతూ ఉలి ఆనించి నునుపు చేసే ఖరాదు మిషన్ పెట్టుకుని, మంచం కోళ్లు, ఉయ్యాల గుంజలు, చపాతీ కర్రలు చేసేవాడు. ఇనుప మంచాలు వచ్చాక కోళ్లు అడిగేవాళ్లు పోయారు. చపాతీలు ప్యాకెట్లో వచ్చాక కర్రలు అడిగేవాళ్లు పోయారు. ఉయ్యాలలు ఫోన్లో ఆర్డరు పెడితే విప్పిన ముక్కలుగా వస్తున్నాయి. మిషన్ మీద గోనెసంచి కప్పి, మాణిక్యం రోడ్డు మీద పోయే కార్లు చూస్తూ కూర్చునే రోజులు వచ్చాయి.

అప్పుడు ఆటో ఎల్లేశ్ ఒక జపానామెను ఎక్కించుకొచ్చాడు. భర్త ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడి ఫాంహౌసుల దిక్కు కిరాయికి ఉంటున్నారట. ఎల్లేశ్‌కు జపాన్ భాష రాదు, ఆమెకు తెలుగు రాదు, అందుకని ఇద్దరూ కలిసి ఇద్దరికీ రాని ఇంగ్లిషులో మాట్లాడుకుంటూ ముల్గిలోకి వచ్చారు. ఆమె తువ్వాలలోంచి ఒక చెక్కబొమ్మను తీసింది. గుండ్రటి తల, దాని కింద నిలువుగా మొండెం, అంతే. చేతుల్లేవు, కాళ్లు లేవు. సన్నటి కళ్లు, ఒంటి చుట్టూ ఎర్రగీతలు, పొట్ట మీద ఒక పువ్వు. దాని పేరు కొకెషి అని చెప్పింది. వాళ్ల దేశంలో నేలలోంచి వేడినీళ్లు ఉబికే కొండ ఊళ్లున్నాయి, అక్కడ గిన్నెలూ పళ్లేలూ తిప్పే కొయ్యపనివాళ్లు పిల్లల కోసం ఇవి చేస్తారు, ఆమె తాత కూడా అదే పనివాడు. ఇల్లు మారడంలో బొమ్మ తల వదులైంది.

తల వదులైతే ఏమైందని మాణిక్యం అడిగాడు. ఆమె ఫోన్లో వీడియో చూపించింది. ముసలాయన మిషన్ ముందు కూర్చుని, గిరగిర తిరుగుతున్న మొండెం మీదికి తలను నెట్టాడు. సన్నగా పొగ లేచింది. తల టక్కున కూర్చుంది. మిషన్ ఆపి, చల్లారాక తల పట్టుకుని తిప్పితే బొమ్మ 'కీచ్' మంది. పిల్ల ఏడ్చినట్టు, పిట్ట కూసినట్టు.

మాణిక్యం ఆ వీడియో ముక్కను మళ్లీ మళ్లీ చూశాడు. ఫోనులో చార్జింగ్ అయిపోతుందని ఎల్లేశ్ గొణిగేదాకా చూశాడు.

అందులో కిటుకు మెడ దగ్గర ఉంది. తల కింద ఉండే బుడిపె, మొండెంలోని గుంత కంటే వెంట్రుకంత లావుండాలి. తిరిగేటప్పుడు రాపిడికి వేడెక్కి, గుంత సాగి, బుడిపె లోపలికి దిగుతుంది. చల్లారాక మళ్లీ ఊడదు, తిప్పితే మాత్రం ఏడుస్తుంది. రెప్పపాటు ఆలస్యమైతే మొండెం రెండు చెక్కలవుతుంది. మాణిక్యం పొలం గట్ల మీద కొట్టేసిన పాలకొడిసె కొమ్మలు తెచ్చి, మంచం కింద నీడన ఎండబెట్టి, ఒకదాని తర్వాత ఒకటి చీల్చాడు. ఆ చలికాలమంతా పద్మమ్మ నీళ్ల పొయ్యిలో తల లేని మొండేలే కాలాయి. పొరుగింటి ఆడవాళ్లు పొయ్యిలోకి తొంగిచూసి దండం పెట్టుకుని పోయేవారు.

చివరికి ఒక మధ్యాహ్నం ఆయన ముల్గి తెరిచి వదిలేసి ఇంటికి పరుగెత్తుకొచ్చి, అన్నం తింటున్న పద్మమ్మ చెవి దగ్గర బొమ్మ తల తిప్పాడు. కీచ్.

"ఏమంటున్నది?" అన్నాడు.

"అన్నం తిననియ్యమంటున్నది," అంది పద్మమ్మ.

జపానామె దేశం వెళ్లేముందు వచ్చి, తన బొమ్మనూ, మాణిక్యం చేసిన బొమ్మనూ పక్కపక్కన పెట్టి రెంటి తలలూ తిప్పి విన్నది. తర్వాత మాణిక్యానికి వంగి నమస్కారం చేసింది. మాణిక్యం ఆమెకంటే కిందికి వంగాడు. ఆమె ఇంకా కిందికి వంగింది. ఎల్లేశ్ మధ్యలో దూరకపోతే ఇద్దరూ నేల మీద పడుకునేవాళ్లే.

ఆ కీచు పిచ్చి బొమ్మల దగ్గరే ఆగి ఉంటే పద్మమ్మకు ఇన్ని తిప్పలు లేకపోయేవి. అది తలుపులకు పాకింది, మంచానికి పాకింది, ఆయన మోపెడ్ స్టాండుకు పాకింది. ఊళ్లో ఆయన బొమ్మలకు కీచుబొమ్మలని పేరు పడింది. కొనేవాళ్ల కంటే అడిగేవాళ్లు ఎక్కువ. అందరూ అడిగేది ఒకటే, చేతులేవి అని. మాణిక్యం ఏ ఇద్దరికీ ఒకే జవాబు చెప్పలేదు. బ్యాంకు ఉద్యోగికి, చేతులుంటే సంతకం పెట్టమంటారని చెప్పాడు. పోలీసాయనకు, చేతులుంటే మీరు కట్టేస్తరు గద సార్ అన్నాడు. ఒక పార్టీ నాయకుడికి మాత్రం చాలా వినయంగా, "చేతులు లేవు గాబట్టే తీసుకోనీకె రాదు అన్నా" అని చెప్పాడు. ఆ నాయకుడు ఏం తీసుకోవడానికి అని అడగలేదు.

రిసార్టు నడిపే ఆనంద్ బాబు ఒకసారి కారు దిగి, వచ్చిన అతిథులందరికీ ఇవ్వడానికి బొమ్మలు కావాలన్నాడు. ఒక్కటే షరతు, తలలు గమ్ముతో అతికించాలి, చప్పుడు రాకూడదు. మాణిక్యం ఆయనకు మంచినీళ్లిచ్చి, ఇటుకలు అమ్మే దుకాణం ఎక్కడుందో దారి చెప్పాడు. చప్పుడు చేయని బొమ్మలు అక్కడ దొరుకుతాయట. పద్మమ్మ ఆ వారమంతా ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం ఇంట్లో ఏదో మూగబోయిందని తలుపులన్నీ తెరిచి మూసి చూసుకున్నాడు.

ఇదంతా నవ్వుకునే వరస. నవ్వు ఆగింది ధనరాజ్ ఇంటి దగ్గర.

మాణిక్యం ముల్గి ధనరాజ్‌ది. ఊళ్లో భూమి ఉన్న కుటుంబం. ఈసారి ఎలక్షన్లలో నిలబడుతున్నాడు. ఆయన ప్రచారానికి గుర్తు ఏదైనా, బలం మాత్రం ఆయన తల్లి నిర్మలమ్మ. ఊరూరా మైకులో ఒకటే మాట, "మా అమ్మకు డెబ్బై దాటినయి. కండ్లద్దాలు లెవ్వు. సూదిల దారం ఎక్కిస్తది. గిది మన జొన్నరొట్టె తాకత్." రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలు, వాటి మీద సూది పట్టుకుని నవ్వుతున్న నిర్మలమ్మ. ఆ నియోజకవర్గంలో అంత పెద్ద సూది ఎవరూ చూసి ఉండరు.

వానాకాలం తర్వాత మాణిక్యం ఆ ఇంటికి బొమ్మలు ఇవ్వడం మొదలుపెట్టాడు, అదీ ఊరికే. ఇచ్చి ఊరుకోలేదు. షోకేసులో పెట్టుకుంటామంటే వినకుండా, మేడమెట్లు మొదలయ్యే కమ్మీ కొసన ఒక బొమ్మను దిగ్గొట్టాడు. బాత్‌రూం తలుపు పక్కన గుంజకు ఒకటి. వాకిట్లో నీళ్ల సంపు దగ్గర కర్ర పాతి దాని మీద ఒకటి. చెయ్యి తగిలితే చాలు, తల తిరిగి కీచుమంటుంది. మాణిక్యం కిరాయి తగ్గించుకోవడానికి కాకా పడుతున్నాడని కొందరన్నారు. పద్మమ్మ అట్లా అనుకోలేదు. కాకా పట్టాలంటే మనిషికి జర లోకజ్ఞానం ఉండాలి.

పైగా ఆ ఇంటి తలుపులన్నీ కిర్రుమనడం మొదలైంది. ధనరాజ్ భార్య సమత జాకెట్ కొలత ఇవ్వడానికి వచ్చి గోడు వెళ్లబోసుకుంది. ఎలక్షన్ మంతనాలు గుట్టుగా జరగాలి, ఎవరు ఏ గదిలోంచి ఏ గదిలోకి పోయారో పక్క వీధికి వినిపిస్తోంది. మొగుడి రోగం ఆ ఇంటికి అంటిందని పద్మమ్మకు సిగ్గేసింది. నూనె డబ్బా తీసి సమత చేతిలో పెట్టింది. సమత తలుపులన్నింటికీ నూనె వేసింది. నాలుగు రోజులకు మళ్లీ కిర్రు. మళ్లీ నూనె. మళ్లీ కిర్రు. ఆ నూనె ఎక్కడికి పోతోందో ఎవరికీ అర్థం కాలేదు. నూనె వేసిన రోజే అత్తమ్మ సగం తెరిచిన తలుపుకు గుద్దుకుని నుదురు పగలగొట్టుకుందని కూడా సమత చెప్పింది. పెద్దమనిషి పరధ్యానంగా నడిచి ఉంటుందని పద్మమ్మ సర్దిచెప్పింది.

ఆమె ఇంట్లోనూ ఒక వింత జరుగుతోంది. దారం ఎక్కించి దిండుకు గుచ్చుకున్న సూదులు మాయమవుతున్నాయి. ఎలుకల పని అనుకుందామంటే ఎలుక దారం కొరుకుతుంది గాని సూదిని ఏం చేసుకుంటుంది?

ప్రచారం జోరందుకున్నాక ధనరాజ్ గొంతు పోయింది. కారు రెండుసార్లు పంక్చరయింది. ఆలూరులో నమ్ముకున్న మనిషి ఎదుటి పార్టీ కండువా కప్పుకున్నాడు. పగలంతా అరిస్తే గొంతు పోతుందని, పాత టైర్లకు పంక్చర్లవుతాయని, నమ్ముకున్నవాళ్లే కండువాలు మారుస్తారని తెలియనివాడు కాదు ధనరాజ్. కాని ఆయన కుడిభుజం ప్రభాకర్‌కు ఇంకో సంగతి తట్టింది. చేతులూ కాళ్లూ లేని బొమ్మలు. ఒంటి నిండా ఎర్రగీతలు. ఇంట్లో మూడు మూలలా దిగ్గొట్టి ఉన్నాయి. ముట్టుకుంటే ఏడుస్తాయి. ఇంటి తలుపులకు వేసిన నూనె వేసినట్టే ఇంకిపోతోంది.

"అన్నా, గిది బాణామతి," అన్నాడు ప్రభాకర్.

డిగ్రీ చదివి, మైకు దొరికితే సైన్సు గురించి మాట్లాడే ధనరాజ్ ఆ చేతబడి మాటను కొట్టిపారేశాడు. కొట్టిపారేసి మెడలో తాయెత్తు కట్టుకున్నాడు. మర్నాడు ప్రభాకర్ మాణిక్యాన్ని ధనరాజ్ ఇంటి వెనక తలుపు దగ్గర పట్టుకున్నాడు. మాణిక్యం చేతిలో గుడ్డ, పక్కన చిప్పలో బూడిద. తలుపు బందులకు బూడిద రాస్తున్నాడు.

ఇక చెప్పేదేముంది. ధనరాజ్ వెనక తిరిగే తెల్లచొక్కాలన్నీ ముల్గి ముందు గుమిగూడాయి. ధనరాజ్ బొంగురుగొంతుతో అడిగాడు.

"మా ఇంట్ల బూడిద ఎందుకు చల్లినవ్ మాణిక్యం?"

"చల్లలే పటేలా. తలుపుకు నూనె ఎక్కువైంది, తుడిచిన."

"నా తలుపు నూనెతోటి నీకేం పని?"

మాణిక్యం నోరు తెరిచాడు. గుంపు వెనక నిలబడ్డ పద్మమ్మ ఎదురుచూసింది. బ్యాంకుకూ పోలీసుకూ జవాబులు దొరికినవాడికి ఇప్పుడు దొరకదా అనుకుంది. ఆయన నోరు మూసుకున్నాడు. ముప్పై ఏళ్ల సంసారంలో ఆయన చప్పుడు చేయకుండా నిలబడడం ఆమె చూడ్డం అదే మొదలు. ఆ మౌనం చూసి ఆమెకు ప్రభాకర్ మాటలకంటే ఎక్కువ భయమేసింది.

ఆదివారం లోపల ముల్గి ఖాళీ చేయమని చెప్పి ధనరాజ్ వెళ్లిపోయాడు. ఖరాదు మిషన్ సిమెంటు దిమ్మెకు బోల్టులతో బిగించి ఉంది. దాన్ని పీకి పెట్టడానికి ఈ రోడ్డు మీద ఇంకో చోటు లేదు. ఉన్నా, బాణామతి చేసేవాడని పేరు పడ్డాక ఎవరిస్తారు? ఆ పేరుతో మనుషులను కొట్టిన ఊళ్ల కథలు పద్మమ్మ చిన్నప్పటి నుంచీ వింటోంది. ఇంటికి వచ్చి గట్టిగానే అడిగింది, ఎందుకు చేశావని. ఆయన చెక్కపొట్టు దులుపుకుంటూ, తలుపు బాగాలేదని మాత్రం చెప్పాడు.

ఆదివారం పొద్దున ఎల్లేశ్ ట్రాలీ ఆటో తెచ్చి ముల్గి ముందు పెట్టాడు. మాణిక్యం పానా పట్టుకుని బోల్టుల ముందు కూర్చున్నాడు. పద్మమ్మ అక్కడ ఉండలేక తిన్నగా ధనరాజ్ ఇంటికి నడిచింది. కొడుకు వినకపోయినా తల్లి వింటుందేమో.

గేటు చప్పుడు లేకుండా తెరుచుకుంది. నిన్ననే సమత నూనె వేసినట్టుంది. నిర్మలమ్మ అరుగు మీద చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. పద్మమ్మ ఎదురుగా వెళ్లి నిలబడింది. నిర్మలమ్మ తల ఎత్తి ఆమె ముఖంలోకి చూసింది. చూసి, మళ్లీ తల వంచుకుని రాళ్లు ఏరసాగింది.

కోపంతో మాట్లాడడం లేదనుకుంది పద్మమ్మ. తర్వాత ఆ వేళ్లను చూసింది. అవి ఒక్కొక్క గింజనూ తడుముతున్నాయి. చాట అంచున, రాళ్లతో పాటు ఒక సూది ఉంది. తన సూదే. తను ఎక్కించిన గులాబీ దారంతో.

"అవ్వా," అంది పద్మమ్మ.

నిర్మలమ్మ ఉలిక్కిపడింది. "ఎవరు? పద్మనా? ఎప్పుడొచ్చినవ్ బిడ్డా, గేటు సప్పుడే గాలే."

పద్మమ్మ అరుగు మీద కూలబడి ఇల్లంతా కలియజూసింది. మెట్ల దగ్గర బొమ్మ. బాత్‌రూం దగ్గర బొమ్మ. సంపు దగ్గర బొమ్మ. తన నూనెతో మూగబోయిన తలుపు, దాని అంచున నుదురు తగిలే ఎత్తులో ఒక మరక.

నిర్మలమ్మకు దాచి లాభం లేదని అర్థమైంది. చూపు రెండేళ్ల నుంచి మసక, ఈ ఏడు అదీ లేదు. చెబుదామనుకునే లోపలే కొడుకు ఫ్లెక్సీలు కొట్టించాడు. ఊరంతా తన కళ్లను చూసి ఓటెయ్యమంటున్న కొడుకుతో, ఆ కళ్లకే చూపు లేదని ఎట్లా చెప్పడం? ఎలక్షన్లు అయ్యాక చెప్పొచ్చులే అనుకుంది. ఇంట్లో ఎవరికీ తెలియలేదు. మాణిక్యానికి తెలిసిపోయింది.

"ఎట్ల తెలిసింది అవ్వా?"

"ఒకనాడు బొమ్మ తెచ్చి చేతిల పెట్టిండు. ఏమన్న అనాలె గద. కండ్లు మస్తు దిద్దినవ్ మాణిక్యం అన్న." నిర్మలమ్మ నవ్వింది. "ఆయన ఇంకా ముఖమే గియ్యలేదట."

మాణిక్యం ఆ రోజు బొమ్మను వెనక్కి తీసుకుని, కండ్లు ఇంకా జర పెద్దగ దిద్దుకొస్త అవ్వా అని పోయాడట. మర్నాడు వచ్చి మెట్ల దగ్గర దిగ్గొట్టాడు. ఆ తర్వాత ఒక్కో తలుపుకూ ఒక్కో గొంతు పెట్టాడు. వంటింటిది సన్నం, వీధి తలుపుది బొంగురు, గేటుది పొడుగు. ఇల్లంతా చెవులతో నడిచేట్టు చేశాడు. మధ్యలో ఎవరో నూనె వేస్తున్నారు, ఎవరో తెలియదు, ఆయన పాపం వచ్చి తుడుస్తున్నాడు. కొడుకు జనం ముందు సూదీ దారం చూపించమనే మీటింగుల రోజున, ముందే దారం ఎక్కించిన సూది తెచ్చి చేతిలో పెట్టేవాడు.

నూనె ఎవరిదో పద్మమ్మ చెప్పలేదు. చెప్పే వేళ కాదు. ముల్గి సంగతి చెప్పింది. బాణామతి అన్న మాట వినగానే నిర్మలమ్మ చాట పక్కకు నెట్టింది. ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

"చెప్తే నీ కొడుకు మాట పోతది అవ్వా. చెప్పకుంటే మా ఆయన పని పోతది. నేనేం చెప్పుమనను, నీ ఇష్టం," అంది పద్మమ్మ.

నిర్మలమ్మ లేచి కొంగు బిగించింది. "నీ భుజం ఇయ్యి."

వాళ్లు ముల్గి చేరేసరికి మూడు బోల్టులు ఊడి వచ్చాయి, నాలుగోది మొరాయిస్తోంది. తెల్లచొక్కాలు వరసగా నిలబడి చూస్తున్నాయి. నిర్మలమ్మ పద్మమ్మ భుజం వదిలి, ముందున్న తెల్లచొక్కాను కాలరు పట్టుకుంది.

"సిగ్గున్నదారా నీకు? గింత సదువు సదివి బాణామతి అంటవా? ఆ మనిషి రాకుంటే నేను సంపుల పడి సస్తుంటి. ఇంట్ల తల్లి ఎట్ల నడుస్తున్నదో సూడవు గని ఊరంత మైకు పట్టుకొని తిరుగుతవు. చిన్నప్పుడు గూడ గింతే నువ్వు, దయ్యమంటే పక్క తడుపుతుంటివి."

"అవ్వా, నేను..."

"నోర్ముయ్. నేను మాట్లాడుతున్న." చెవి దొరికింది, మెలిపెట్టింది. "పదో తరగతిల కాపీ కొట్టి దొరికినోనివి, నువ్వు ఆయన కష్టాన్ని అనుమానిస్తవా?"

"అవ్వా, నేను ప్రభాకర్‌ను."

ఎవరూ నవ్వలేదు. అవతలి కొసన ధనరాజ్ తల్లినీ, ఆమె మెలిపెడుతున్న చెవినీ చూస్తూ నిలబడిపోయాడు.

"అమ్మా. నేనిక్కడున్న."

నిర్మలమ్మ ఆ గొంతు వచ్చిన దిక్కుకు తిరిగింది. "గట్లనా. నువ్వు సప్పుడు చెయ్యకుంటే నాకెట్ల తెలుస్తదిరా?"

అప్పుడు ఎల్లేశ్ ముందుగా నవ్వాడు. ఆపుకుందామని ట్రాలీ వెనక్కి పోయి నవ్వాడు. తర్వాత బిర్యానీ హోటలువాళ్లు, ప్లాట్ల ఆఫీసువాళ్లు. ప్రభాకర్ ఎర్రబడిన చెవి పట్టుకుని, కాపీ కొట్టింది తాను కాదని ఒక్కొక్కరికీ చెప్పుకుంటున్నాడు.

ధనరాజ్ మాత్రం తల్లి ముందుకు వచ్చి, చెయ్యి ఆమె ముఖం ముందు అటూ ఇటూ ఆడించాడు. "ఎప్పటి సంది అమ్మా?"

"నీ ఫ్లెక్సీల కంటే ముందు సంది."

ఆయన మాణిక్యం వైపు తిరిగాడు. "నువ్వన్న చెప్పొద్దా?"

మాణిక్యం పానా కింద పెట్టి లేచాడు. "అవ్వ వద్దన్నది పటేలా. సప్పుడు తలుపులు చెయ్యాలె. ఒకల గుట్టు మనం సప్పుడు చెయ్యొద్దు."

ధనరాజ్ వంగి, ఊడిన బోల్టు ఒకటి తీసి, దిమ్మెలో పెట్టి చేత్తో తిప్పడం మొదలుపెట్టాడు. అడ్డంగా తిప్పుతున్నాడు. మాణిక్యం చూడలేక ఆయన చేతిలోంచి లాక్కున్నాడు.

నిర్మలమ్మను మర్నాడే కంటి దవాఖానకు తీసుకెళ్లారు. కంట్లో శుక్లాల పొరలు తీసేస్తే సరిపోయేదాన్ని ఇన్నాళ్లు ఎందుకు మోశారని డాక్టరు తిట్టాడు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, ఇంకొకదానికి నెల తర్వాత. ధనరాజ్ ఎలక్షన్లో గెలిచాడా ఓడాడా అన్నది ఈ కథకు అనవసరం. గెలిచినవాళ్ల ఫ్లెక్సీలూ ఓడినవాళ్ల ఫ్లెక్సీలూ ఒకే గాలికి చిరిగాయి.

నిర్మలమ్మ నల్లద్దాలు పెట్టుకుని, ఎవరి భుజమూ పట్టుకోకుండా ముల్గికి వచ్చింది. ముందు మాణిక్యాన్ని పరీక్షగా చూసి, నువ్వు గింత ముసలోనివి ఎప్పుడైనవ్ అని అడిగింది. ఆపై వరసగా పెట్టిన బొమ్మల ముఖాలు చూసింది. చాలాసేపు చూసింది. అన్నీ పంటినొప్పి వచ్చినట్టున్నయని చెప్పింది. అంతకుముందు ఎవరూ ఆ మాట ఆయన ముఖం మీద అనలేదు. మాణిక్యం రెండు రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు నుంచి కనుబొమ్మలు కొంచెం పైకి గీయడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాతే ముల్గికి కొత్త రకం మనుషులు రావడం మొదలైంది. బండి దూరంగా ఆపి, ముందు పక్కనున్న ప్లాట్ల రేటు అడిగి, తర్వాత వానల సంగతి మాట్లాడి, వెళ్లిపోబోతూ ఆగేవాళ్లు. ఈ దగ్గర్లోనే ఉన్న ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒక రైతు అట్లాగే చాలాసేపు చెప్పులతో నేల గీకాడు. పద్మమ్మ ఆ రోజు ముల్గిలోనే ఉంది, ఒక పక్కన కుట్టుమిషన్ వేసుకుని.

"ఒక బొమ్మ గావాలె," అన్నాడు రైతు చివరికి. "అందానికి. మా బాపుకు గిట్ట ఏం లేదు. ఆయనకు చూపు మంచిగనే ఉన్నది."

"మంచిదన్నా. ఏడ పెడ్తరు?" అని పద్మమ్మ అడిగింది.

"బాత్‌రూం కాడ."

పద్మమ్మ కుట్టు ఆపి తల ఎత్తింది. రైతు చెవుల దాకా ఎర్రబడ్డాడు. మాణిక్యం తల కూడా ఎత్తకుండా, బొమ్మల్లోకెల్లా పెద్ద గొంతున్నదాన్ని తీసి గుడ్డతో తుడుస్తూ అన్నాడు.

"అందానికైతే గదే అసలు జాగ అన్నా. ఇంట్ల ఎవరైన, దినాం పోక తప్పదు గద."